నిబ్బరంగా ఉన్నారని వదిలేయకండి

గత నెలలో మాకు తెలిసిన ఒకాయన, భార్య పోయిన నాలుగో రోజున, కారు నడుపుతూ మలుపైనా లేని రోడ్డు మీద చెట్టును గుద్దారు. ప్రాణం దక్కింది. ఆ నాలుగు రోజులూ ఆయన కంట తడి పెట్టకుండా వచ్చినవారందరినీ తానే పలకరించడం చూసి, ఎంత నిబ్బరమో అని మెచ్చుకున్న మేమెవరమూ ఆయన నిద్రపోయారా అని అడగలేదు.

కష్టం మీద పడితే గుండె దడ, వణుకు, ఆకలి చచ్చిపోవడం అందరూ గుర్తించేవే. అవి అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు చేసే పనులు, చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఎవరూ లెక్కచేయనిది మొద్దుబారడం. మనసు తాను భరించలేని దాన్ని కొంతకాలం దగ్గరకు రానివ్వదు కనుక మనిషి మాట్లాడతాడు, తిరుగుతాడు, లెక్కలు కూడా చూస్తాడు, కానీ జరిగింది మరెవరికో అన్నట్టుంటాడు. చెప్పింది చెవిన పడుతుంది, బుర్రకెక్కదు. దీన్ని నిబ్బరమనుకోవడమే నేను చూసిన ఇళ్లను ముంచిన పొరపాటు.

ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే అది దిగులేనని ఇంట్లోనే తీర్పు చెప్పకండి. తీవ్రమైన దుఃఖం తర్వాత గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టాకోట్సుబో అనే స్థితిని జపాన్ వైద్యులు 1990లో వివరించారు. ముట్లు ఆగిన స్త్రీలలో అది ఎక్కువ. అదో, గుండెపోటో ఆసుపత్రి పరీక్షల్లోనే తేలుతుంది.

నిద్రలేని మనిషికి బండి తాళం ఇవ్వకండి. ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానడం, అప్పు కాగితాల మీద సంతకం వాయిదా వేయించండి. వాయిదా కుదరకపోతే నమ్మకస్తులు మరొకరు చదివాకే సంతకం. బీపీ, షుగరు మందులు వేసుకుంటున్నారో లేదో చూడండి. మద్యం వద్దు, అది నిద్ర పట్టించినట్టే పట్టించి నడిరాత్రి లేపుతుంది. ఇంకొకరి నిద్రమాత్రలు ఇవ్వకండి. జరిగిందంతా చెప్పమని పీడించకండి, చెబితే వినండి. ఏడవమని బలవంతపెట్టకండి, ఏడవలేదు కనుక బాగున్నాడనీ అనుకోకండి. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. తానూ చచ్చిపోతానన్న మాట ఎత్తితే నెల కాదు, గంట కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. బంధువులంతా వెళ్లిపోయిన వారానికి మళ్లీ వెళ్లండి. అప్పుడూ గట్టిగానే ఉన్నాడనిపిస్తే, ఆ రాత్రికి అక్కడే పడుకోండి.