వేట మొదలయ్యేలోపు పడవ ట్రైలర్ లైట్లు, వైరింగ్ సరిచూసుకోండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లు మరమ్మతుకు కదిలేది ఈ రెండు నెలల్లోనే. జూన్ రెండో వారం వచ్చేసరికి అన్నీ ఒక్కసారే తీరానికి తిరుగుముఖం పడతాయి. భావనపాడు, కళింగపట్నం, బారువ వెళ్లేవైనా, ఇటు చింతపల్లి, కోనాడ వెళ్లేవైనా చాలావాటికి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కడమో దాటడమో ఉంటుంది. వానమబ్బు కమ్మిన సాయంత్రం ఆ రోడ్డు మీద వెనక లైటు లేని ట్రైలరు ఉంటే, వెనక వచ్చే లారీ డ్రైవరుకు అది కనిపించేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. అందుకే చక్రాలు, తాళ్లు చూసుకున్నంత శ్రద్ధగా లైట్లు కూడా చూసుకోవాలి.

లైటు వెలగకపోతే అందరూ ముందు బల్బు మారుస్తారు. ఉప్పునీళ్లలో దిగి వచ్చే ట్రైలరులో ముందు చూడాల్సింది ఎర్త్, అంటే కరెంటు లైటు నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి. చాలా ట్రైలర్లకు ఎర్త్ వైరే ఉండదు. కరెంటు తిరిగి ట్రాక్టరుకు చేరాలంటే కొక్కెం, పిన్ను ద్వారానే వెళ్లాలి. అక్కడ తుప్పు, గ్రీజు, ఇసుక కలిసి పేరుకుంటాయి. ఇనుము ఇనుముకు ఆనినట్టే కనిపించినా కరెంటు సరిగా దాటదు. గతుకు వచ్చినప్పుడల్లా లైటు ఆరి వెలగడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఎర్త్ పోయిందని గుర్తుపట్టడం తేలికే. ఇండికేటరు వేస్తే వెనక ఎర్ర లైటు కూడా దాంతోపాటు మినుకుమినుకుమంటుంది. బ్రేకు తొక్కితే టెయిల్ లైటు ప్రకాశం తగ్గుతుంది, లేదా వెలగకూడని లైటు సన్నగా వెలుగుతుంది. తిన్నగా వెళ్లే దారి మూసుకుపోవడంతో కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా తిరిగి దారి వెతుక్కుంటుంది. ఈ లక్షణాలు కనిపిస్తే బల్బులు కొనకండి. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను నుంచి వెనక రెండు లైట్ల దాకా విడిగా రాగి వైరు లాగండి. ఇది 2.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి. బ్రేకు, టెయిల్, ఒక ఇండికేటరు కలిసి వెలిగితే దాదాపు 6 ఆంపియర్లు ఈ ఒక్క వైరు మీదే తిరిగి వస్తాయి. 7 మీటర్ల పొడవున 0.75 వైరు వేస్తే ఆ ఒక్క వైరులోనే ఒక వోల్టు పోతుంది. 2.5 వేస్తే పోయేది 0.3 వోల్టు. మిగతా వైర్లు 1 లేదా 1.5 చాలు. దొరికితే తగరం పూత ఉన్న రాగి వైరు తీసుకోండి. మామూలు రాగికి చిలుము ఒక్క చివర పట్టినా తొడుగు లోపల్లోపలే పాకుతూ పోతుంది. వైరు కోసి చూస్తే తీగలు నల్లగానో పచ్చగానో ఉంటే, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోస్తూ వెళ్లాలి. నల్లబడిన తీగకు టంకం పట్టదు.

మల్టీమీటరు ఉంటే పరీక్ష ఇంకా కచ్చితం. లైటు వెలుగుతుండగా ఒక ముల్లు ఆ లైటు ఎర్త్ దగ్గర, ఇంకో ముల్లు బ్యాటరీ నెగటివ్ దగ్గర పెట్టండి. అర వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. మీటరు లేకపోతే బ్యాటరీ నెగటివ్ నుంచి విడి వైరు తెచ్చి లైటు ఎర్త్‌కు తాకించండి. ప్రకాశం పెరిగితే తేలిపోయినట్టే.

ఎర్త్ బాగుంటే అప్పుడు ట్రాక్టరు వైపు నుంచి మొదలుపెట్టండి. ప్లగ్గు తీసేసి, సాకెట్లో ఒక్కో పిన్ను దగ్గర టెస్ట్ లాంపు (కరెంటు ఉందో లేదో చూపే, వైర్లు తగిలించిన చిన్న బల్బు) పెట్టి, మరొకరిని ఇండికేటరు, బ్రేకు, లైటు వరసగా వేయమనండి. సాకెట్లోనే కరెంటు లేకపోతే ట్రైలరు విప్పి ఉపయోగం లేదు, ఫ్యూజు చూడండి. 7 పిన్నుల ప్లగ్గులో ప్రతి స్క్రూ పక్కన చిన్న అంకె అచ్చు వేసి ఉంటుంది. మామూలు వరస ఇది: 1 ఎడమ ఇండికేటరు, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటరు, 5 కుడి టెయిల్, 6 బ్రేకు, 7 ఎడమ టెయిల్. చేతులు మారిన బండ్లలో వైరు రంగులు నమ్మకండి. అంకె చూసి, టెస్ట్ లాంపుతో ఖాయం చేసుకోండి. ఎదురుగా చూసినప్పుడు ఉన్న వరస వెనక వైరింగు వైపు నుంచి తిరగబడి కనిపిస్తుంది. ఎడమ ఇండికేటరు వేస్తే కుడి వైపు వెలగడం ఈ పొరపాటు వల్లే ఎక్కువ. పిన్నుల మధ్య చీలిక మూసుకుపోయి వదులైతే సన్నని చాకు మొనతో కొద్దిగా విడదీయండి. పచ్చగా ఉంటే ఎమరీ పేపరుతో రుద్ది వాసెలిన్ రాయండి.

బల్బు వంతు ఆ తర్వాతే. బ్రేకు, టెయిల్ కలిసినది 21/5 వాట్ల రెండు ఫిలమెంట్ల బల్బు. దాని రెండు ముళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. బలవంతంగా తిప్పి ఎక్కిస్తే టెయిల్ వెలగాల్సినచోట బ్రేకు ఫిలమెంటు వెలుగుతుంది. ఇండికేటరుది 21 వాట్ల బల్బు. ఒక వైపు ఇండికేటరు వేగంగా కొట్టుకుంటుంటే ఆ వైపు బల్బు పోయిందని అర్థం. ఎల్‌ఈడీ వేసినా ఇలాగే అవుతుంది, అప్పుడు ఫ్లాషరు (ఇండికేటరును ఆర్పి వెలిగించే భాగం) తీసి ఎలక్ట్రానిక్‌ది వేయాలి.

ఫ్యూజు పదే పదే పోతుంటే తీగ ముక్కో సిగరెట్టు రేకో పెట్టడం ప్రాణాంతకం. వైరు ఎక్కడో ఒరుసుకుని ఇనుముకు తగులుతోందని ఆ ఫ్యూజు చెబుతోంది. ఛాసిస్ రంధ్రాల గుండా వెళ్లే ప్రతిచోటా రబ్బరు బుష్ ఉందా చూడండి. కొక్కెం దగ్గర వైరు మలుపుకు సరిపడా వదులుగా ఉండాలి, నేలకు రాసుకోకూడదు. అతుకులు మెలేసి టేపు చుట్టడం ఇక్కడి గాలికి పనికిరాదు. ఉప్పు తేమ టేపు కిందికి దూరి అక్కడే నిలుస్తుంది. టంకం పెట్టి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవు వేసి వేడి చేయండి. అతుకు కిందికి వేలాడకుండా పైకి కట్టండి.

ట్రైలరు నీళ్లలోకి దించే ముందు ప్లగ్గు తప్పనిసరిగా పీకేయండి. వేడి బల్బు చల్లటి నీటిలో మునిగితే గాజు పగులుతుంది. కరెంటు ఉండగా ఉప్పునీరు తగిలితే అది పిన్నులను అతి త్వరగా తినేస్తుంది. పైకి లాగాక మంచినీళ్లతో కడగండి. లైటు డబ్బా అడుగున నీరు పోయే చిన్న రంధ్రం ఇసుకతో మూసుకుపోతే పుల్లతో తీయండి.

అన్నీ బాగున్నా ఒక ప్రమాదం మిగులుతుంది. ఫైబర్ బోటు 28, 30 అడుగులు ఉంటుంది. ట్రైలరు అంత ఉండదు. బోటు వెనక భాగం, ఇంజను బయటికి పొడుచుకొచ్చి ట్రైలరు లైట్లను కప్పేస్తాయి. దీనికి విడి లైటు బోర్డే సరైన మార్గం. నాలుగైదు అడుగుల పలక మీద రెండు చివర్లా లైట్లు, రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు బిగించి, పొడుగు వైరుతో ప్లగ్గుకు కలిపి బోటు చిట్టచివర కట్టండి. పగలు ఎర్ర గుడ్డ కూడా వేలాడదీయండి. ఎర్ర గుడ్డ చీకట్లో కనబడదు కాబట్టి రాత్రి దాన్ని నమ్ముకోకండి.

ఈ బోర్డు జూన్‌తో అవసరం తీరిపోయేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే రాత్రికి రాత్రే బోట్లు ఎత్తు ప్రదేశానికి తరలించాలి, అప్పుడు వైర్లు వెతుక్కునే సమయం ఉండదు. బోర్డు ప్లగ్గుకు వాసెలిన్ రాసి, ప్లాస్టిక్ సంచి కట్టి, ఎలుకలకు అందకుండా వేలాడదీయండి. రెండు రకాల బల్బులు రెండేసి, ఫ్యూజులు, టెస్ట్ లాంపు దాని పక్కనే పెట్టండి. నెలకోసారి ట్రాక్టరుకు తగిలించి వెలిగించి చూడండి.