ఐడిల్ స్క్రూ మీద చెయ్యేసే ముందు ఇంజన్ ఆపండి

పోయిన నెల పాలమూరు వైపు ఒక కాలేజీ గ్రౌండ్‌లో రేడియోతో ఎగరేసే మోడల్ విమానం ప్రాప్ (ముక్కున తిరిగే పంకా) తగిలి ఒక పిల్లగాడి రెండు వేళ్లు కోసుకుపోయాయి. ఎముకకు తగల్లేదు, కుట్లతో బయటపడ్డాడు. విమానం గాల్లో లేదు, ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లోనూ లేదు. ఐడిల్ (థ్రాటిల్ తగ్గించినప్పటి నిదాన నడక) నిలబడట్లేదని, నడుస్తున్న ఇంజన్ మీదికి ముందు నుంచి చెయ్యి చాచి, ఐడిల్‌ను సరిచేసే స్లో స్క్రూ తిప్పబోయాడు, అంతే. దసరా సెలవులొస్తున్నాయి. వానకాలమంతా డబ్బాల్లో పడున్న .40, .46 (ఘనపు అంగుళాల సైజు) గ్లో ఇంజన్లు, అంటే వేడి తీగ ప్లగ్‌తో, మిథనాల్‌తో నడిచే చిన్న ఇంజన్లు, బయటికి తీస్తారు. చాలావాటికి ముందుగా వచ్చే జబ్బు ఇదే: స్టార్ట్ అవుతుంది, థ్రాటిల్ తగ్గించగానే చస్తుంది.

ప్రాప్ తిరుగుతుంటే దూరంగా ఉండాలని అందరికీ తెలుసు, అది చెప్పను. ఫుల్ థ్రాటిల్‌లో ఆ అరుపుకే ఎవరూ దగ్గరికి పోరు. మనుషులు మోసపోయేది ఐడిల్‌లో. చప్పుడు తగ్గుతుంది, ప్రాప్ పలచటి బూడిదరంగు చక్రంలా కనబడుతుంది, ఫోన్‌లో వీడియో తీస్తుంటే రెక్కలు నిలబడ్డట్టే ఉంటాయి. లెక్క వేసి చూడండి. 10 అంగుళాల ప్రాప్ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంటే దాని కొస గంటకు దాదాపు 120 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. రెండు రెక్కలు కలిపి ఒకే చోటు నుంచి సెకనుకు 80 సార్లకు పైగా పోతాయి. వేలు వెనక్కి తీసుకునే టైము ఎవరికీ ఉండదు.

పైగా ఐడిల్ సెట్టింగ్ ఒక్కసారితో అయ్యే పని కాదు. కొంచెం తిప్పాలి, చూడాలి, మళ్లీ తిప్పాలి. ఫుల్ స్పీడ్ నీడిల్‌ను (ఫుల్ థ్రాటిల్‌లో ఇంధనాన్ని సరిచేసే సూది స్క్రూ) చాలా ఇంజన్లలో వెనక్కి జరిపి పెట్టారు. స్లో స్క్రూ మాత్రం కార్బొరేటర్ మీదే, ప్రాప్‌కు వెనకాల నాలుగు వేళ్ల దూరంలో ఉంటుంది. "అన్నా, ఇంకో పిసరు తిప్పితే సెట్ అయితది" అనే మాట దగ్గరే వేళ్లు పోతాయి.

కాబట్టి పద్ధతి ఇది. ఇంజన్ ఆపండి. స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పండి. మళ్లీ స్టార్ట్ చేసి, విమానం రెక్కల వెనక్కి వచ్చి చూడండి. చాలలేదా, మళ్లీ ఆపండి. ఇట్లా చేస్తే సగం పూట పోతుంది, ఇంధనమూ ఖర్చవుతుంది. పోనీయండి.

అసలు స్క్రూ జోలికి పోకముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ప్లగ్‌ను వేడిచేసే బ్యాటరీ క్లిప్ తీయగానే స్పీడ్ పడిపోతే ముందు ప్లగ్ మార్చండి. తీగ తెల్లబడినా, నలిగినా అది పోయినట్టే. ట్యాంక్ మధ్యగీత నీడిల్ ఎత్తుకు సమంగా గానీ, సెంటీమీటరు లోపు కిందికి గానీ ఉండాలి. ఐడిల్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతుంటే గాలి లీకేజీ వెతకండి: కార్బొరేటర్ కింది ఓ-రింగ్, బ్యాక్‌ప్లేట్ గాస్కెట్, ట్యూబ్‌లో సూదిమొన రంధ్రం. లీకేజీని స్క్రూతో సరిచేద్దామనుకుంటే పొద్దుగూకేదాకా తిప్పుతూనే ఉంటారు.

ఇంధనం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇందులో ఉండేది మిథనాల్, ఇంజన్ లోపల జారుడు కోసం నూనె. మిథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. వానకాలంలో మూత వదులుగా ఉన్న డబ్బాలోది పారేయండి. నల్లగొండ, పాలమూరు ఒకప్పుడు ఆముదాలకు పేరున్న జిల్లాలు కదా అని ఊళ్లో వండిన ఆముదం తెచ్చి కలిపేవాళ్లున్నారు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి తీసిన ఆ నూనెలో తేమ, మడ్డి ఉంటాయి. తలకు మంచిదే, కార్బొరేటర్‌కు కాదు. డీగమ్ చేసిన (జిగురు తీసేసిన) శుద్ధమైన ఆముదమే వాడాలి. నైట్రోమీథేన్ దొరక్క 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదంతో నడిపేవాళ్లకు ఐడిల్ కొంచెం మొండికేస్తుంది. నైట్రో 5 నుంచి 10 శాతం ఉంటే ఐడిల్ కుదురుకుంటుంది.

ఇవన్నీ బాగుంటేనే స్క్రూ. అదీ ముందు ఫుల్ స్పీడ్ నీడిల్ సెట్ చేశాకే. ఐడిల్‌లో పది, పదిహేను సెకన్లు ఉంచి థ్రాటిల్ ఎత్తండి. పొగతో గుడగుడమంటూ బరువుగా అందుకుంటే ఇంధనం ఎక్కువైంది. పొగ లేకుండా టక్కున ఆగితే తక్కువైంది. ట్యూబ్ నొక్కి చూసే పరీక్ష కూడా ఉంది: వెంటనే ఆగితే తక్కువ, స్పీడ్ పెరిగి చాలాసేపు నడిస్తే ఎక్కువ. ట్యూబ్ ట్యాంక్ వైపు నుంచి చేతికందితేనే ఆ పరీక్ష చేయండి. కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు) లోపలికి వేళ్లు పెట్టాల్సి వస్తే మానేయండి, థ్రాటిల్ పరీక్షే చాలు.

రెండు నీడిళ్ల కార్బొరేటర్‌లో స్లో నీడిల్ బిగిస్తే ఇంధనం తగ్గుతుంది. ముందువైపు చిన్న గాలి రంధ్రం ఉండే రకంలో అదే స్క్రూ బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, అంటే పూర్తిగా తలకిందులు. మీది ఏ రకమో ఇంట్లో ఉన్నప్పుడే చూసుకోండి. ఆ రంధ్రమూ, స్క్రూ చాలావాటిలో ప్రాప్ వెనకాలే ఎదురుగా ఉంటాయి. ఇంజన్ ఆపి తిప్పండి.

డిసెంబర్ తెల్లవారి చలిలో గాలి చిక్కగా ఉంటుంది, నీడిల్ కొంచెం తెరవాలి. మధ్యాహ్నానికి మళ్లీ మూయాలి. పొద్దున్న సెట్ చేశాం కదా అని ఊరుకోవద్దు. మార్చాలంటే మళ్లీ ఆపాలి.

ఇక మిగతావి.

వేలితో ప్రాప్ తిప్పి స్టార్ట్ చేయొద్దు. కట్టె గానీ, ఎలక్ట్రిక్ స్టార్టర్ గానీ వాడండి.

ఇంధనం నిండిపోయి ప్రాప్ బిగుసుకుంటే ప్లగ్ విప్పి, తిప్పి, వంపేయండి. బలవంతంగా తిప్పితే ఇంజన్ ఎదురు తంతుంది, నట్టు వదులైతే ప్రాప్ ఎగిరొస్తుంది.

మెడలో ట్రాన్స్‌మిటర్ పట్టీ, ఐడీ కార్డు, చున్నీ, కండువా ఏవీ ఉండొద్దు. వంగగానే అవే ముందు ప్రాప్‌లోకి పోతాయి.

ట్రాన్స్‌మిటర్ నేల మీద పెట్టొద్దు, ఇంకొకరి చేతికివ్వండి. దాని థ్రాటిల్ పుల్ల కాలికి తగిలితే ఐడిల్ ఒక్క దెబ్బకు ఫుల్ అవుతుంది.

విమానాన్ని ఒకరు వెనక నుంచి పట్టుకోవాలి. ఆయన చూపు మైదానం మీద కాదు, మీ చేతుల మీద ఉండాలి.

ప్లగ్ క్లిప్ వెనక వైపు నుంచి తీయండి. వైరు వేలాడొద్దు.

మొరం నేల మీద స్టార్ట్ చేస్తే రాళ్లు లేస్తాయి. చాప గానీ, పట్టా గానీ పరవండి.

అంచు చిట్లిన ప్రాప్‌ను అతికించొద్దు. విరిచేసి పారేయండి, ఇంకొకరు ఏరుకోకుండా.

ప్రాప్ తిరిగే గీతలో ఎవరూ నిలబడొద్దు. చూడ్డానికి వచ్చిన పిల్లలైతే అసలే వద్దు.

మిథనాల్ మంట పగటిపూట కనబడదు. ఎండిన గడ్డి, పత్తి కట్టె దగ్గర ఇంజన్ పెట్టొద్దు. బకెట్ నీళ్లు పక్కన ఉండాలి. బీడీ, సిగరెట్ బంద్.

మిథనాల్ నీళ్ల సీసాల్లో పోయొద్దు. ఎవరైనా ఒక గుక్క తాగినా, ఏమీ కాలేదన్నా, ఆసుపత్రికే. చూపు పోయేది తర్వాత.

నడుస్తుంటే స్క్రూ ముట్టొద్దు. "ఈ ఒక్కసారి" అనొద్దు.

వేలు కోసుకుపోతే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి గుండె కన్నా ఎత్తుగా పట్టి, 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. ముక్క తెగి పడితే తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ కవర్‌లో కట్టి, ఆ కవర్‌ను ఐస్‌లో పెట్టండి. ముక్కకు ఐస్ నేరుగా తగలొద్దు. గాయంలోకి మిథనాల్, ఆముదం పోయాయని డాక్టరుకు ముందే చెప్పండి.