రీఫ్ ట్యాంకులో వెంట్రుకల నాచు: ఫాస్ఫేటును ఒక్కసారిగా దించకండి

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నాచు పట్టిందని నాకు ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "అన్నా, ఏ మందు వెయ్యాలి?" మందు సంగతి తర్వాత. ముందు మీకు పట్టింది ఏమిటో చూడండి.

కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో ఇసుక మీద గోధుమరంగు పొడిలా కనిపించేవి డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు. వాటిని వదిలేయండి, వాటంతట అవే పోతాయి. ముదురు ఎరుపులో మెత్తటి పొరలా పరుచుకుని, లాగితే ముక్కలుగా ఊడివచ్చేది సయనో. అది బ్యాక్టీరియా. పచ్చగా, పొడుగ్గా, నీటి ప్రవాహానికి ఊగుతూ ఉంటే అది హెయిర్ ఆల్గే. ఇక్కడ చెప్పేది దాని గురించే. ఒక పోగు తెంపి, తెల్ల సాసరులో కాసిని ఉప్పునీళ్లు పోసి, అందులో పరిచి చూడండి. పక్షి ఈకలా రెండువైపులా సన్న రెమ్మలు ఉంటే అది బ్రయాప్సిస్. అది నాచుకు మేతైన ఫాస్ఫేటును తగ్గించినంత మాత్రాన లొంగదు. దానికి ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు వాడతారు, దాని పద్ధతి వేరు.

కావలసినవి: కొత్త టూత్‌బ్రష్, సన్న గొట్టం, బకెట్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) మీటర్, నైట్రేట్ కిట్, జీఎఫ్‌ఓ (ఫాస్ఫేటును పీల్చుకునే ఇనుప ఆక్సైడ్ గుళికలు), దానికో చిన్న రియాక్టర్ (ఆ గుళికల గుండా నీళ్లు పారించే డబ్బా). ఫాస్ఫేటుకు మాత్రం రంగు చూసి పోల్చుకునే కిట్ కొనకండి, డిజిటల్ చెకర్ కొనండి. మనం పట్టుకోవాల్సిన తేడా 0.03 పీపీఎంకీ (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) 0.08కీ మధ్య ఉంటుంది. అది కంటికి అందదు.

మొదట నీళ్లు. హైదరాబాద్‌లో చాలామంది వంటింటి ప్యూరిఫయర్ నీళ్లలో ఉప్పు కలిపేస్తారు. ఆ మిషన్లు తాగడానికి రుచిగా ఉండాలని కావాలనే కొంత టీడీఎస్ మిగులుస్తాయి. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే పూసలు) ఉండి తీరాలి, మీటరు 0 చూపించాలి. 1 చూపిస్తే రెజిన్ మార్చండి.

రెండోది లైట్లు. రోజుకు ఎనిమిది గంటలు చాలు. కిటికీ ఎండ ట్యాంకు మీద పడుతుంటే పరదా వేయండి. మూడు రోజులు చీకట్లో ఉంచే పద్ధతి చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. చీకట్లో నాచు చచ్చి, కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. అదే నాచును పీకి బయట పారేస్తే అది తిన్న ఫాస్ఫేటు కూడా ఇంట్లోంచి వెళ్లిపోతుంది.

కాబట్టి చేత్తో పీకండి. పంపులు ఆపి, గొట్టం మూతిని బ్రష్ పక్కనే పట్టుకుని, రుద్దుతూనే నీళ్లు లాగేయండి. గొట్టం లేకుండా రుద్దితే తెగిన ప్రతి ముక్కా ఇంకో రాయి మీద కూర్చుంటుంది. బయటికి తీయగలిగిన రాయిని బకెట్‌లో పెట్టి, పగడాలు లేని చోట మాత్రమే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేయండి. ఐదు నిమిషాల్లో నాచు మీద సన్న బుడగలు నురగలా లేస్తాయి. ఉప్పునీళ్లతో కడిగి తిరిగి పెట్టండి. ఇలా వారానికోసారి చేయాలి. నాచు పట్టిన రాళ్లు పారేసి రామేశ్వరం వైపు నుంచి పగడపు రాళ్లు తెప్పించుకోవాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. మన సముద్రంలోని రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. అది నేరం, పైగా పాపం.

నాచు కురచగా అయ్యాకే నత్తలు వేయండి. పొడుగు నాచును అవి సరిగ్గా తినవు. ట్రోకస్ నత్తలే కొనండి. అస్ట్రియా నత్తలు ఇసుకలో వెల్లకిలా పడితే తిరగలేక చచ్చిపోతాయి.

ఇక అసలు పని ఫాస్ఫేటు. ట్యాంకులు పాడయ్యేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

నాచు దట్టంగా ఉన్నప్పుడు టెస్టు చేస్తే 0.02 రావచ్చు. "ఫాస్ఫేటు లేదు కదా, మరి ఈ నాచెక్కడిది?" అని టెన్షన్ పడతారు. ఫాస్ఫేటును నాచే తినేస్తోంది. రెండు మూడు సార్లు పీకాక వచ్చే అంకెను నమ్మండి. మీ చెకర్ ఫాస్ఫరస్‌ను పీపీబీలో (వంద కోట్లలో ఒక వంతు) చూపించేదైతే ఆ అంకెను 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. 20 వచ్చిందంటే ఫాస్ఫేటు 0.06 పీపీఎం. ఆ 20ని చూసి కంగారుపడి మందు గుమ్మరించినవాళ్లు నాకు తెలుసు.

నా 300 లీటర్ల ట్యాంకులో ఒకప్పుడు 0.40 ఉండేది. జీఎఫ్‌ఓ ప్యాకెట్ మీద రాసిన కొలతంతా ఒకేసారి రియాక్టర్‌లో వేశాను. మూడో రోజుకు 0.03. చాలా సంతోషపడ్డాను. ఐదో రోజు పొద్దున అక్రోపోరా అనే కొమ్మల పగడం మొదట్లో తెల్లటి ఎముక కనిపించింది. సాయంత్రానికి చర్మం పోగులుగా ఊడి నీళ్లలో తేలుతోంది. నాలుగేళ్లు పెంచిన కొమ్మ అది. ఆ తర్వాత ఫాస్ఫేటు, నైట్రేట్ రెండూ సున్నాకు చేరాయి. నాచు పోయింది గానీ, దాని చోట గోధుమరంగు చీమిడి తీగలు వచ్చాయి. వాటి కొసల్లో గాలి బుడగలు. అవి డైనోఫ్లాజెల్లేట్లు (డైనోలు) అనే ఏకకణ జీవులు. నాచును తిన్న నత్త బతుకుతుంది. ఆస్ట్రియాప్సిస్ రకం డైనోలను తిన్న నత్త చచ్చిపోతుంది, అంత విషం వాటిది. వాటిని వదిలించుకోవడం ముందు హెయిర్ ఆల్గే ఎంతో నయం.

అందుకని ఇలా చేయండి. ప్యాకెట్ చెప్పిన దాంట్లో నాలుగో వంతు జీఎఫ్‌ఓ తీసుకుని, ఆర్వో నీళ్లలో ఎర్రమట్టి రంగు పోయేదాకా కడగండి. రియాక్టర్‌లో నీటి వేగం పాలు పొంగడానికి ముందు పైపొర కదిలేటంత ఉంటే చాలు. అంతకంటే ఎక్కువైతే గుళికలు ఒకదానికొకటి రాసుకుని, ఆ పొడి ట్యాంకులోకి వస్తుంది. మూడు రోజులకోసారి, ఒకే వేళకు, టెస్టు చేసి కాగితం మీద రాసుకోండి. వారంలో 0.05 కంటే ఎక్కువ దిగకూడదు. దిగితే సగం గుళికలు తీసేయండి. 

కొన్నాళ్లకు అంకె మళ్లీ పెరుగుతుంది. రాళ్లు నెలల తరబడి పీల్చుకున్న ఫాస్ఫేటును వదులుతున్నాయన్నమాట. అప్పుడు మందు పెంచకండి, పాత గుళికలు తీసేసి అంతే కొలత కొత్తవి వేయండి. ఆల్కలినిటీని (నీటి క్షారతను) 8 డీకేహెచ్ (దాని కొలమానం) దగ్గర కదలకుండా ఉంచండి. ఫాస్ఫేటు తక్కువగా ఉన్నప్పుడు ఆల్కలినిటీ ఎక్కువైతే అక్రోపోరా కొసలు మాడిపోతాయి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉండాలి. సున్నాకు పడిపోతే చేపలకు ఇంకో పూట మేత పెట్టండి, భయపడకండి. ఫాస్ఫేటును పట్టేసే లాంథనం చుక్కలు నేను వాడను. మోతాదు ఎక్కువైతే నీళ్లు తెల్లబడి, టాంగ్ చేపలు ఊపిరాడక రొప్పుతాయి.

0.05 దగ్గర ఆగండి. 0.03 కిందికి ఎప్పుడూ పోనివ్వకండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదట నాచు రంగు పాలిపోతుంది. తర్వాత బ్రష్ తగలగానే మొదలంటా ఊడివస్తుంది. ఆ ఖాళీలో ఊదారంగు కోరలైన్ (రాయిని అంటుకుని పెరిగే గట్టి నాచు) చుక్కలు కనిపించాక రియాక్టర్ తీసేసి, వారానికి పది శాతం నీళ్లు మారుస్తూ ఉండండి.