చేతి రంగుల నూలు: లక్షణం, కారణం, మందు

ఇక్కడి కొలతలన్నీ 100 గ్రాముల ఎండు నూలుకు లెక్క. తడిపాక తూస్తే లెక్క తప్పుతుంది కాబట్టి ముందే తూచి, చిలపకు, అంటే నూలు చుట్టకు, చీటీ కట్టి పెట్టుకోండి. వాడే దబరా స్టీలుది కావాలి. ఇనుప బాణలి, అల్యూమినియం సట్టి రంగునే మార్చేస్తాయి. రంగుకు వాడిన పాత్ర, గరిటె మళ్ళీ వంటింట్లోకి పోకూడదు.

రంగు సట్టిలో బయటపడే తప్పుల్లో చాలావరకు అంతకు ముందు రోజే జరిగిపోయి ఉంటాయి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డను శుభ్రం చేసి, కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టి, ఎండబెట్టాక గానీ కలం పట్టరు. ఎరుపు రావలసిన చోట మొదట పూసేది పటిక నీళ్ళు. తర్వాత రంగులో ఉడికించినప్పుడు ఆ పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. అల్లిక నూలుకూ ఇంతే. సమస్య ఎక్కడ కనబడినా, ఒక మెట్టు వెనక్కి వెళ్ళి వెతకండి.

ఉతికిన ప్రతిసారీ రంగు దిగుతోంది

ముందు ఏ రకం దిగుడో తేల్చుకోవాలి. నూలు కొసను తడిపి, తెల్ల పాత పంచె ముక్క మీద పెట్టి, పైన రోకలిబండలాంటి బరువు పెట్టి 5 నిమిషాలు వదలండి. మరక పడితే చిలపను చల్లటి నీళ్ళలో వరసగా మూడుసార్లు జాడించండి. మూడో నీళ్ళకు రంగు తేలిపోయి, నూలు రంగు మాత్రం అలాగే ఉంటే అది పైపైన మిగిలిన రంగు, భయం లేదు. నీళ్ళు తేరకపోగా నూలే పాలిపోతుంటే మాత్రం పటిక పట్టలేదని అర్థం.

కాటన్ నూలులో పటిక పట్టకపోవడానికి మొదటి కారణం, నూలులోని సహజమైన మైనం, జిడ్డు పోకపోవడం. నగరి, పుత్తూరు పక్క నేత ఊళ్ళలో దొరికే ముడి చిలపల్లో ఇది నిండుగా ఉంటుంది. ఎండు నూలు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. వెంటనే ఇంకితే సరే. పూసలా నిలబడితే ఆ నూలు రంగుకు సిద్ధంగా లేదు. ఇలా చేయండి:

1. 4 లీటర్ల నీళ్ళలో 5 గ్రాముల వాషింగ్ సోడా, కాస్త సబ్బు తురుము వేసి, గంటన్నర సన్నటి సెగ మీద మరిగించండి. తెల్లగా కనబడే నూలు నుంచి కూడా టీ రంగు నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళు మరీ చిక్కగా ఉంటే ఇంకోసారి చేయాలి.
2. 20 గ్రాముల కరక్కాయ పొడిని 3 లీటర్ల వేడి నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి, నూలును రాత్రంతా నానబెట్టండి. గింజల్లేకుండా పెచ్చు మాత్రమే దంచిన పొడి కావాలి. పొద్దున గట్టిగా పిండండి, జాడించకండి.
3. 20 గ్రాముల పటికను వేడి నీళ్ళలో పూర్తిగా కరిగించండి. 3 గ్రాముల వాషింగ్ సోడాను వేరే గ్లాసులో కరిగించి, పటిక నీళ్ళలో కొద్దికొద్దిగా పోయండి. నురుగు పొంగుతుంది, పెద్ద పాత్ర తీసుకోండి. నురుగు అణిగాక గోరువెచ్చటి నీళ్ళు చేర్చి, నూలు మునిగేలా చేసి రాత్రంతా ఉంచండి.
4. ఒక్కసారి జాడించి, తడిగానే రంగులో వేయండి.

ఊలుకు దారి వేరు. కరక్కాయ అక్కర్లేదు. 12 గ్రాముల పటిక, బేకరీ సామాన్ల అంగడిలో దొరికే క్రీమ్ ఆఫ్ టార్టార్ 5 గ్రాములు వేసి, చల్లటి నీళ్ళతో మొదలుపెట్టి గంటలో 85 డిగ్రీలకు తేవాలి. ముప్పావు గంట అక్కడే ఉంచి, ఆ నీళ్ళలోనే చల్లారనివ్వండి. పటిక ఎక్కువేస్తే ఎక్కువ పట్టదు, ఊలు జిగటగా మాత్రం తయారవుతుంది. అలా అయితే వేడి నీళ్ళలో జాడిస్తే చాలావరకు పోతుంది.

రంగు వేసేసిన చిలప దిగుతుంటే, అల్లకముందే జాడించి, 10 గ్రాముల పటికతో మళ్ళీ పటిక పెట్టి, అదే రంగులో రెండోసారి వేయండి. అల్లేసిన స్వెట్టర్ అయితే ఆ సాహసం చేయొద్దు. చల్లటి నీళ్ళలో విడిగా, నీళ్ళు తేరేదాకా జాడించి, తడిగా మడత పెట్టకుండా వెడల్పుగా పరిచి ఆరేయడమే.

ఉప్పు వేస్తే నిలుస్తుంది, వెనిగర్ పోస్తే నిలుస్తుంది అనే మాట బాగా పాకిపోయింది. ఆకులు, వేళ్ళు, తొక్కల రంగుల విషయంలో అది నిజం కాదు. ఉప్పు పని కాటన్‌కు వాడే కొన్ని కెమికల్ రంగుల దగ్గర. వెనిగర్ పని ఊలుకు వాడే యాసిడ్ రంగుల దగ్గర. కొనుక్కొచ్చిన చేతిరంగుల ఊలు దిగుతుంటే అది ఎక్కువగా యాసిడ్ రంగే అయి ఉంటుంది, దానికి వెనిగర్ నిజంగానే మందు: 4 లీటర్ల నీళ్ళు, 60 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్, నిదానంగా 85 డిగ్రీలు, అరగంట, సట్టిలోనే చల్లార్చడం. వేడి లేకుండా వెనిగర్ ఒక్కటే పోస్తే ఏమీ జరగదు.

అల్లుతుంటే వేళ్ళకు, సూదులకు నీలం అంటుతోంది

నీలి మందుకు, అంటే ఇండిగోకు, పటికతో పనిలేదు. అది నూలుతో రసాయనంగా కలవదు, కరిగిన రూపంలో దారంలోకి ఇంకి, గాలి తగలగానే అక్కడే గడ్డకట్టి నిలుస్తుంది. లోపలికి పోకుండా పైన పేరుకున్నదే వేళ్ళకు అంటుతుంది. కాబట్టి తప్పు సట్టిలో వెతకాలి.

సట్టి మూత తీసి చూడండి. పైన రాగి మెరుపుతో సన్నటి పొర, మధ్యలో ముదురు నీలం నురుగు పువ్వు, పొరను పక్కకు నెట్టితే కింద ద్రవం పసుపు పచ్చగా తేటగా కనబడాలి. ద్రవమే నీలంగా, చిక్కగా ఉంటే నీలి మందు ఇంకా కరగలేదు. అందులో ముంచిన నూలుకు రంగు పూసినట్టవుతుంది, ఉతికితే పోతుంది. 10 గ్రాముల నీలి మందుకు 20 గ్రాముల సున్నం, 30 గ్రాముల ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) మామూలు లెక్క. కరగని సట్టికి ఇంకో 10 గ్రాముల ఫ్రక్టోజ్ వేసి, 50 డిగ్రీలకు వెచ్చజేసి, నిదానంగా ఒక దిక్కుకే కలిపి, గంట ఆగండి. బెల్లంతోనూ అవుతుంది గానీ ఎక్కువ పడుతుంది, ఆలస్యంగా కరుగుతుంది.

రెండో కారణం తొందర. ముదురు నీలం ఒకే ముంపులో రావాలని అరగంట నానబెడితే పైన పేరుకుంటుంది. 5 నిమిషాలు ముంచి, 10 నిమిషాలు గాలికి పెట్టి, మళ్ళీ ముంచండి. బయటికి తీసిన నూలు ఆకుపచ్చగా ఉండి, కళ్ళెదుటే కొసల నుంచి నీలంగా తిరుగుతుంది. ఆ పచ్చదనం పూర్తిగా పోయాకే మళ్ళీ ముంచాలి. చిలపను సట్టిలో నీళ్ళ కిందే తెరవండి, పైకి తీసి ముంచుతూ ఉంటే గాలి చేరి సట్టే పాడవుతుంది.

ఇప్పటికే అంటుతున్న నూలుకు: 4 లీటర్ల నీళ్ళలో 40 మిల్లీలీటర్ల వెనిగర్ కలిపి 15 నిమిషాలు ఉంచితే మిగిలిన సున్నం పోతుంది. తర్వాత కాటన్ అయితే సబ్బు నీళ్ళలో 15 నిమిషాలు మరిగించండి. ఊలు అయితే గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి సబ్బు, రెండు మూడు విడతలు. ఊలును సున్నం సట్టిలో ఎక్కువసేపు ఉంచకండి, గరుకెక్కుతుంది.

అనుకున్న రంగు రాలేదు, లేదా మారిపోయింది

పసుపుకొమ్ములతో వేసిన నూలు ఉతకగానే ఎర్రబడితే కారణం బట్టల సోడా, సర్ఫు లాంటి పొడులు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండిన నీళ్ళలో ముంచితే తిరిగి వస్తుంది. బంతిపూల రంగు క్షారంలో నారింజ వైపు పోతుంది. ఈ నూళ్ళకు కుంకుడు రసం మంచిది. లేత రంగుల నూలుకు మాత్రం చిక్కటి రసం వాడితే గోధుమ ఛాయ పడుతుంది, పలచగా చేసి వాడండి.

మంజిష్ఠ ఎరుపు గోధుమలోకి దిగితే వేడి ఎక్కువైంది. 80 గ్రాముల వేరును నలగ్గొట్టి రాత్రంతా నానబెట్టి, నూలు వేసి, 65 నుంచి 70 డిగ్రీల మధ్య గంటన్నర ఉంచాలి. బుడగలు వచ్చాయంటే సెగ మించినట్టే. చిన్న ధర్మామీటరు ఎంత రంగును కాపాడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

అన్ని రంగులూ మసకగా, బూడిద ఛాయతో వస్తే నీళ్ళను అనుమానించండి. కరక్కాయ కషాయం ఒక చెంచా తీసుకుని, గాజు గ్లాసులో మీ బోరు నీళ్ళలో వేసి అరగంట చూడండి. నల్లగానో బూడిద రంగులోనో తిరిగితే నీళ్ళలో ఇనుము ఉంది. ఆ నీళ్ళతో లేత పసుపు, గులాబీ ఎప్పటికీ తేటగా రావు. వాన నీళ్ళో, ఆర్‌ఓ నీళ్ళో వాడాలి. హీటరు కడ్డీకి తెల్లగా పెచ్చు కట్టే, సబ్బుకు నురుగు రాని నీళ్ళ సంగతి వేరు, అది సున్నం. సున్నం నీళ్ళు మంజిష్ఠకు మేలే చేస్తాయి, ఎరుపు నిండుగా వస్తుంది. జిడ్డు తీయడానికి, చివరి జాడింపుకు మాత్రం ఆ నీళ్ళు వద్దు. సబ్బు విరిగి తెల్లటి మడ్డి నూలుకు పట్టుకుంటుంది.

తిరుపతి చుట్టుపక్కల తరచుగా వచ్చే ప్రశ్న: ఎర్రచందనం పొడిని ఎంత మరిగించినా నూలుకు రంగెందుకు రాదు? ఎర్రచందనంలోని రంగు నీళ్ళలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. నీళ్ళలో మరిగిస్తే పొడి నూలుకు అంటుకుని, ఎండాక రాలిపోతుంది. పైగా అది చట్టం కాపాడే చెట్టు, దాని జోలికి పోవద్దు. ఎరుపుకు మూలికల అంగడిలో దొరికే మంజిష్ఠ చాలు.

మచ్చలు, తెల్ల పట్టీలు

చిలప చుట్టూ సమదూరంలో తెల్ల పట్టీలు పడితే కట్లు బిగుతయ్యాయి. నాలుగు చోట్ల, ఎనిమిది అంకె ఆకారంలో, వేలు దూరేంత వదులుగా కట్టండి. బయట ముదురుగా ఉండి దారం లోపల తెల్లగా ఉంటే నూలు తడవకుండా రంగులో పడింది. కనీసం గంట నానాలి. చుక్కలు చుక్కలుగా ఉంటే పొడి వడగట్టలేదు, లేదా పటిక గడ్డలు కరగలేదు. చుక్కలు పోవు. 50 గ్రాముల దానిమ్మ తొక్కతో కాచిన కషాయంలో మళ్ళీ వేస్తే కలిసిపోతాయి. దానిమ్మ రంగు అన్నిటినీ కొంచెం బంగారు వైపు లాగుతుందని గుర్తుంచుకోండి.

చిలప అందంగా ఉంది, అల్లితే రంగు గుంపులు కట్టింది

రెండు మూడు రంగులు వేసిన చిలపలో ప్రతి రంగుకూ ఒక పొడవు ఉంటుంది. మీ వరుస పొడవు ఆ చుట్టు పొడవుకు దగ్గరగా వస్తే ఒకే రంగు ఒకే చోట పడి మచ్చలా కనబడుతుంది. 3, 4 కుట్లు పెంచినా తగ్గించినా గుంపు చెదురుతుంది. ఖాయమైన మందు మాత్రం రెండు ఉండలతో అల్లడం: ఒక ఉండతో రెండు వరుసలు, రెండో ఉండతో రెండు వరుసలు.

ఒక చిలప అయిపోయి రెండోది మొదలైన చోట గీత కనబడితే అదే పద్ధతి. సహజ రంగులు ఒకే కొలతతో వేసినా రెండు సట్టీలు ఒకలా రావు. స్వెట్టర్‌కు 300 గ్రాములు కావాలంటే మూడు చిలపలనూ ఒకే దబరాలో వేయండి. పెద్ద దబరా లేకపోతే మొదటి వరుస నుంచే రెండు ఉండలు పట్టుకోండి. ఆరు అంగుళాలు అల్లాక మార్చుకుంటే ఆ మార్పే ఇంకో గీత అవుతుంది.

ఊలు ముద్దకట్టింది, లేదా పుటుక్కున తెగుతోంది

ముద్దకట్టడానికి వేడి నుంచి చల్లటికి ఒక్కసారిగా మార్చడం, కలియబెట్టడం కారణం. దీనికి మందు లేదు. తెగుతుంటే, రంగు ముదరడానికి వేసే అన్నభేది (ఇనుప ఉప్పు) మోతాదు మించింది. ఊలుకు 2 గ్రాములు దాటకండి, 10 నిమిషాల్లో బయటికి తీయండి. కాటన్ 4 గ్రాములు తట్టుకుంటుంది. తెగే ఊలుతో స్వెట్టర్ అల్లకండి, ఏ చంక దగ్గరో విడిపోతుంది.

నెలలోపే వెలిసిపోయింది

బీట్‌రూట్, మందారం, శంఖపుష్పం నూలు మీద నిలవవు. పటిక ఎంత పెట్టినా ఇంతే, వాటిని వదిలేయండి. పసుపుకొమ్ము అందంగా పడుతుంది గానీ ఎండకు ఆగదు. దానిమ్మ, మంజిష్ఠ, నీలి నిలుస్తాయి. బంతి వీటికి ఒక మెట్టు కింద. కొత్త రంగును అల్లకముందే పరీక్షించండి: అట్టముక్కకు నూలు చుట్టి, సగాన్ని అల్యూమినియం రేకుతో కప్పి, మిద్దె మీద ఎండలో వారం పెట్టి, రేకు తీసి పోల్చండి. ఏప్రిల్, మే ఎండకు వారమే ఎక్కువ. వెలిసిన పసుపు నూలు పారేయాల్సిన పనిలేదు. జాడించి, మళ్ళీ పటిక పెట్టి, దానిమ్మ తొక్క కషాయంలో గంట ఉడికిస్తే నిలిచే పసుపు వస్తుంది. ఆ తర్వాత ఒక్కసారి నీలిలో ముంచితే ఆకుపచ్చ.