జర్మనీ చేరాక చిరునామా నమోదు, నివాస కార్డు: నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు మార్గదర్శి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి ప్రాంతాల నుంచి పైచదువులకు జర్మనీ వెళ్లే విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ అడ్మిషన్ మీద, వీసా మీద, ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు జమ చేయవలసిన బ్లాక్డ్ అకౌంట్ మీద ఎంతో శ్రద్ధ పెడతారు గానీ, విమానం దిగాక చేయించుకోవలసిన నమోదుల గురించి ముందుగా ఆలోచించేవారు తక్కువ. ఆ దేశంలో కొత్తగా వచ్చిన మనిషి గుర్తింపు అంతా ఒక చిరునామాతో మొదలవుతుంది. చిరునామా నమోదు కానిదే పన్ను గుర్తింపు సంఖ్య రాదు, చాలా బ్యాంకులు ఖాతా పని పూర్తి చేయవు, నివాస అనుమతి దరఖాస్తు ముందుకు కదలదు. ఆ నమోదులో రాసుకునే పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు మాత్రం మన పాస్‌పోర్టు నుంచే తీసుకుంటారు. కాబట్టి ఈ పని జర్మనీలో కాదు, ఇక్కడ ఇంట్లో ఉండగానే మొదలుపెట్టాలి.

ముందుగా పేరు సంగతి చూసుకోవాలి. మన వైపు పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది. పాస్‌పోర్టు దరఖాస్తు నింపిన నెట్ సెంటరులో ఒక్కోసారి ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేసి మొత్తం పేరును ఒకే గడిలో రాసేస్తారు. జర్మనీ కార్యాలయాల పత్రాల్లో కుటుంబనామానికి ఒక గడి, సొంత పేరుకు మరొక గడి విడివిడిగా ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోతే పేరంతా కుటుంబనామం గడిలోకి చేరిపోయి, సొంత పేరు స్థానంలో గీత మిగిలే పరిస్థితి వస్తుంది. ఆ రూపమే తరువాత బ్యాంకు, బీమా, విశ్వవిద్యాలయం రికార్డుల్లోకి పాకుతుంది. ఇది జర్మనీకే పరిమితమైన ఇబ్బంది కూడా కాదు. పాస్‌పోర్టులో ఒకే పేరున్న వారికి సందర్శక వీసా మీద ప్రవేశం ఉండదని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించినప్పుడు ఎందరో తెలుగువారు ఇబ్బంది పడ్డారు. అందుచేత వీసాకు దరఖాస్తు చేయకముందే ఇంటిపేరు, సొంత పేరు సరైన గడుల్లో ఉండేలా పాస్‌పోర్టును మళ్లీ జారీ చేయించుకోవడం మేలు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి గనుక దీనికోసం హైదరాబాదు దాకా పోవలసిన అవసరం చాలామందికి ఉండదు.

పుట్టిన ఊరి విషయంలో మన ఉమ్మడి జిల్లాల వారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలూ, మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలూ విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరు జిల్లా అయింది. దీనివల్ల 2003లో సూర్యాపేటలో పుట్టిన పిల్లవాడి జనన ధ్రువపత్రంలో నల్లగొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే, పాస్‌పోర్టులో సూర్యాపేట, తెలంగాణ అని ఉండవచ్చు. రెండూ నిజమే అయినా, పరాయి దేశపు గుమస్తాకు అవి రెండు వేర్వేరు ఊళ్లుగా కనిపిస్తాయి. ఆయనకు మన జిల్లాల విభజన చరిత్ర వివరించడం కన్నా, ప్రతి దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు అక్షరం మారకుండా రాయడమే సరైన పద్ధతి. బడిలో చేర్చినప్పుడు వేయించిన పుట్టిన తేదీకీ, పంచాయతీ రికార్డులోని తేదీకీ తేడా ఉంటే మాత్రం దాన్ని ఇక్కడే సరిచేయించుకుని బయలుదేరాలి, ఎందుకంటే ఆరువేల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంచాయతీ కార్యదర్శి చుట్టూ, మీ సేవ చుట్టూ తల్లిదండ్రులను తిప్పడం వారికి పెద్ద శిక్ష. భార్యను, పిల్లలను వెంట తీసుకువెళ్లేవారు వివాహ, జనన ధ్రువపత్రాల అసలు ప్రతులను, వాటి జర్మన్ అనువాదాలను కూడా దగ్గర ఉంచుకోవాలి.

ఇక జర్మనీలో చేయవలసిన మొదటి పని ఆన్‌మెల్డుంగ్, అంటే నివాస చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రోజు నుంచి రెండు వారాల లోపల ఇది చేయించుకోవాలని ఆ దేశ చట్టం చెబుతుంది. గడువు లెక్కించేది విమానం దిగిన రోజు నుంచి కాదు, ఇంట్లో చేరిన రోజు నుంచి అన్నది గమనించాలి. ఆలస్యమైతే వెయ్యి యూరోల దాకా జరిమానా వేసే అధికారం కార్యాలయానికి ఉంది. దీనికి అద్దె ఒప్పందం ఒక్కటే సరిపోదు. ఇంటి యజమాని సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే ధ్రువీకరణ కావాలి. అందులో యజమాని పేరు, చిరునామా, మీరు చేరిన తేదీ, ఇంటి చిరునామా, అక్కడ చేరిన వారందరి పేర్లు ఉండాలి. విద్యార్థి వసతి గృహాల్లో దీనిని సాధారణంగా గది అప్పగించేటప్పుడే ఇస్తారు. అద్దె గదుల్లోనే అసలు కష్టం.

గది దొరకడం కష్టమైన పెద్ద నగరాల్లో, రిజిస్ట్రేషన్ ఇవ్వం, అద్దె తక్కువ అనే ప్రకటనలు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపిస్తాయి. అలాంటి గదిలో కొద్ది రోజులు తలదాచుకోవడం వేరు, దానికి మూడు నెలల అద్దె ముందుగా కట్టడం వేరు. అద్దెలో మిగిలే కొద్దిపాటి డబ్బు కోసం నమోదును వదులుకుంటే, దాని వెనక రావలసిన పత్రాలన్నీ ఆగిపోతాయి. అంతకన్నా ప్రమాదకరమైనది, నివసించని ఇంటి చిరునామాను డబ్బు పెట్టి కొనుక్కోవడం. ఉండని చోట ఉంటున్నట్టు చూపడానికి చిరునామా ఇచ్చినవారికి 50,000 యూరోల వరకు జరిమానా పడవచ్చు, వీసా మీద ఉన్న విద్యార్థి ఆ వ్యవహారంలో చిక్కుకుంటే జరిగే నష్టం డబ్బుతో పోదు. స్నేహితుడి గదిలో కొంతకాలం ఉండవలసి వస్తే, అతని ఇంటి యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ఆ చిరునామా మీదే నిజాయితీగా నమోదు చేయించుకోవచ్చు.

ఇల్లు కుదిరిన రోజే బ్యుర్గర్‌ఆమ్ట్ అనే పౌర కార్యాలయంలో ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. చిన్న పట్టణాల్లో సులువుగా దొరుకుతుంది. బెర్లిన్ వంటి నగరాల్లో తేదీ దొరకడమే కష్టం, అయితే ఎవరైనా రద్దు చేసుకున్న సమయాలు మధ్యమధ్యలో తెరుచుకుంటాయి కాబట్టి రోజూ చూస్తూ ఉండాలి. రెండు వారాల లోపు తేదీ దొరక్కపోతే, ఆ లోపలే ప్రయత్నించినట్టు చూపే బుకింగ్ కాగితాన్ని దాచుకోండి. పాస్‌పోర్టు, వీసా, యజమాని ధ్రువీకరణ, నింపిన నమోదు ఫారం తీసుకుని వెళ్లాలి. ఫారంలో మతం గురించి అడిగే గడి ఒకటి ఉంటుంది. కాథలిక్ లేదా ప్రొటెస్టంట్ అని రాసినవారికి తరువాత ఉద్యోగం వచ్చి ఆదాయపు పన్ను కట్టే స్థాయికి చేరినప్పుడు, ఆ పన్ను మీద బవేరియా, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం చర్చి పన్ను అదనంగా పడుతుంది. మన జిల్లాల క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఈ సంగతి తెలిసే ఆ గడి నింపాలి. పని ముగిశాక చేతికిచ్చే మెల్డెబెష్టేటిగుంగ్ అనే నమోదు పత్రంలోని వివరాలన్నీ పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చదవండి, తప్పుంటే కుర్చీ నుంచి లేవకముందే సరిచేయించండి.

ఆ రోజు సాయంత్రమే మీ పేరును పోస్టు డబ్బా మీద అంటించాలి. మన ఊళ్లలో పోస్టుమ్యానుకు ఇంటింటి మనుషులు తెలుసు. అక్కడ డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. అన్ని ముఖ్యమైన సంఖ్యలూ ఉత్తరాల్లోనే వస్తాయి కాబట్టి ఈ చిన్న పని మరువరాదు. నమోదైన కొన్ని వారాలకు కేంద్ర పన్ను కార్యాలయం 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్యను పంపుతుంది. అది జీవితాంతం మారదు. అది లేకుండా పార్ట్‌టైమ్ పనిలో చేరితే జీతంలో పన్ను కోత ఎక్కువగా పడవచ్చు. మొదటిసారి పనిలో చేరినప్పుడు సామాజిక భద్రత సంఖ్య వేరుగా వస్తుంది, రెండింటినీ కలగాపులగం చేయకండి. టీవీ, రేడియో రుసుము కట్టమని వచ్చే ఉత్తరం మోసం కాదు. అది ఇంటికి నెలకు 18.36 యూరోలు, మనిషికి కాదు. అదే ఇంట్లో ఉండేవారిలో ఒకరు కడుతుంటే, ఆ రుసుముకు సంబంధించిన వారి ఖాతా సంఖ్య రాసి పంపితే చాలు.

చిరునామా పత్రం చేతికి రాగానే ఔస్‌లెండర్‌బెహోర్డె అనే విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. వీసా మీద ముద్రించిన చివరి తేదీ దాటకముందే దరఖాస్తు వారికి చేరి ఉండాలన్నది ఇందులో ప్రాణం వంటి నియమం. అపాయింట్‌మెంట్ ఆ తేదీ తరువాత వచ్చినా ఫరవాలేదు గానీ, దరఖాస్తు ముందే పంపినట్టు రుజువు మీ దగ్గర ఉండాలి. విశ్వవిద్యాలయం నమోదు పత్రం, ఆరోగ్య బీమా పత్రం, బ్లాక్డ్ అకౌంట్ వివరం, చిరునామా పత్రం, పాస్‌పోర్టు అడుగుతారు. రుసుము సుమారు వంద యూరోలు ఉంటుంది. 2025 మే నుంచి ఫొటో డిజిటల్ రూపంలో ఉండాలనే నియమం వచ్చింది కాబట్టి, నల్లగొండ స్టూడియోలో తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఈ పనికి చెల్లవు. వేలిముద్రలు తీసుకుని, చిప్ ఉన్న ప్లాస్టిక్ కార్డును బెర్లిన్‌లో ముద్రించి పంపుతారు. దీనికి కొన్ని వారాలు పడుతుంది. కార్డుతో పాటు పని షరతులు రాసిన వేరే కాగితం వస్తే, దాన్ని కూడా కార్డుతో సమానంగా భద్రపరచండి. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు.

కార్డు రాకముందే వీసా గడువు ముగిస్తే ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. అక్క పెళ్లికో, అమ్మానాన్నల షష్టిపూర్తికో దాన్ని పట్టుకుని ఇంటికి రావాలనుకునేవారు టికెట్ కొనేముందు, ఆ పత్రంతో తిరిగి జర్మనీలోకి రావడానికి వీలుందా అని అధికారిని అడిగి తెలుసుకోవాలి. ఆ పత్రంలో రకాలున్నాయి; ఒక రకం దేశంలో ఉండటానికి మాత్రమే పనికొస్తుంది, దాంతో బయటకు వచ్చినవారు కొత్త వీసా కోసం మళ్లీ మొదటి నుంచి తిరగవలసి వస్తుంది.

ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ రెండు వారాల లోపు కొత్త చిరునామా నమోదు చేయించి, కార్డు మీద చిరునామా స్టిక్కరు మార్పించుకోవాలి. బ్యాంకుకు, బీమా సంస్థకు మీరే విడిగా తెలియజేయాలి. కార్డు పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, విదేశీయుల కార్యాలయానికి తెలిపి, ఆన్‌లైన్ గుర్తింపు సౌకర్యం ఉన్న కార్డైతే 116 116 నంబరుకు ఫోను చేసి దాన్ని ఆపించాలి. పాస్‌పోర్టు పోతే బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని గానీ, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబర్గ్, మ్యూనిక్ నగరాల్లోని కాన్సులేట్లలో మీ ప్రాంతానికి చెందినదాన్ని గానీ సంప్రదించాలి. చదువు ముగించుకుని దేశం విడిచి వచ్చేటప్పుడు ఆబ్‌మెల్డుంగ్ అనే నమోదు రద్దు కూడా ఉంటుంది. బయలుదేరడానికి వారం ముందు నుంచి, ఇల్లు ఖాళీ చేసిన రెండు వారాల లోపల అది చేయించాలి. ఆ కాగితం ఉంటేనే ఆరోగ్య బీమా, టీవీ రుసుము, ఫోను ఒప్పందం వంటివి రద్దు చేయించడం తేలికవుతుంది.