పీఎం స్వనిధి రుణం: వీధి వ్యాపారులు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

తోపుడు బండి మీద పండ్లు అమ్మేవారికి, గంపలో పూలు, ఆకుకూరలు తెచ్చి అమ్మేవారికి, టిఫిన్ బండి నడిపేవారికి ఆస్తి తాకట్టు, పూచీకత్తు లేకుండా బ్యాంకు అప్పు ఇప్పించేందుకు కేంద్రం 2020 జూన్‌లో ఈ పథకాన్ని తెచ్చింది. 2025 ఆగస్టులో మార్పులు చేసి, రుణాల మంజూరు గడువును 2030 మార్చి 31 వరకు పొడిగించింది. ఇప్పుడు మొదటి విడతగా రూ.15,000 వరకు, అది తీర్చాక రూ.25,000 వరకు, ఆ తరువాత రూ.50,000 వరకు ఇస్తారు.

డబ్బిచ్చేది బ్యాంకే అయినా, మీరు వీధి వ్యాపారి అని ధ్రువీకరించాల్సింది మున్సిపాలిటీ. అందుకే ముందుగా వెళ్లాల్సింది అక్కడికే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పని చూసేది మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది. మున్సిపాలిటీ చేసిన వీధి వ్యాపారుల సర్వేలో మీ పేరుందా, గుర్తింపు కార్డు వచ్చిందా అని అడగండి. సర్వేలో పేరుండి కార్డు రాకపోయినా దరఖాస్తుకు అడ్డంకి లేదు.

పేరే లేకపోతే చాలామంది అక్కడితో వదిలేసి వెనక్కి వచ్చేస్తారు. అలా రావద్దు. మున్సిపాలిటీ నుంచి సిఫార్సు లేఖ తీసుకోవచ్చు. వ్యాపారుల సంఘం సభ్యత్వ కార్డు వంటి ఆధారం ఉంటే జతచేయండి. ఏదీ లేకపోతే ఎక్కడ, ఏం అమ్ముతున్నారో తెల్ల కాగితం మీద రాసి, విచారణ జరపమని కోరండి. నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. అర్జీ ఇచ్చినట్టు రసీదు తప్పక తీసుకోండి. పక్క పల్లె నుంచి వచ్చి పట్టణంలో అమ్ముకునేవారికీ ఈ వీలుంది.

ఆ తరువాత పని సులువే. ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్‌తో అనుసంధానమైన ఫోను తీసుకుని మెప్మా సిబ్బంది దగ్గర గానీ, కామన్ సర్వీస్ సెంటర్‌లో గానీ ఆన్‌లైన్ దరఖాస్తు నింపించుకోండి. ఫోనుకు ఓటీపీ వస్తుంది కనుక పాత నంబరుంటే ముందే మార్పించుకోవాలి. దరఖాస్తు బ్యాంకుకు చేరాక అక్కడ సంతకాలు పూర్తయితే డబ్బు ఖాతాలో పడుతుంది.

వాయిదాలు సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ తిరిగి ఖాతాకే వస్తుంది. గడువుకు ముందే తీర్చినా జరిమానా లేదు. క్యూఆర్ కోడ్‌తో డబ్బు తీసుకుంటే కొంత క్యాష్‌బ్యాక్ ఉంది. రెండో అప్పు తీర్చినవారు యూపీఐతో పనిచేసే రూపే క్రెడిట్ కార్డుకు అర్హులు.

అప్పు అవసరం లేనివారు కూడా సర్వేలో పేరు నమోదు చేయించుకోవాలని నా గట్టి సలహా. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద విక్రయ ధ్రువపత్రం పొందడానికి ఆ నమోదే ఆధారం. సర్వే ముగిసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించకూడదని ఆ చట్టంలోని 3వ సెక్షన్ చెబుతోంది. ఊళ్లో వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలన్నదీ అందులోని నియమమే. మీ ఊరి కమిటీలో మీ తరఫున ఎవరున్నారో మున్సిపాలిటీకి వెళ్లినప్పుడే కనుక్కోండి. సిఫార్సు లేఖ ఆలస్యమైతే ముందుగా వారినే కలవండి.