ఇంగ్లిష్ పదాల జంటలను నేర్చుకునే పద్ధతి

ఇంగ్లిష్‌లో ఏ పదం పక్కన ఏ పదం ఇముడుతుందో వ్యాకరణం చెప్పదు, వాడుకే నిర్ణయిస్తుంది. 1950లలో బ్రిటిష్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ ఈ సహవాసాన్ని ‘కొలొకేషన్’ అనే పేరుతో చర్చకు తెచ్చారు. తెలుగులో హోంవర్కూ చేస్తాం, తప్పూ చేస్తాం. ఇంగ్లిష్‌లో మాత్రం హోంవర్క్‌కు ‘డూ’, మిస్టేక్‌కు ‘మేక్’ రావాలి. మనవాళ్లు తరచుగా తడబడేది ఇక్కడే.

కాబట్టి కొత్త నామవాచకం ఎదురైనప్పుడు దాని అర్థంతో ఆగిపోకుండా, దానితో వచ్చిన క్రియనూ విశేషణాన్నీ కలిపి ఒకే ముక్కగా రాసుకోవాలి: ‘రెయిన్’ అని కాదు, ‘హెవీ రెయిన్’ అని, ‘టీ’ అని కాదు, ‘స్ట్రాంగ్ టీ’ అని. ఈ విశేషణాలను తారుమారు చేస్తే భావం అందినా వినేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

విద్యాసంబంధమైన రచనలో మరింత జాగ్రత్త అవసరం. మాటల్లో ‘డూ రిసెర్చ్’ సరిపోయే చోట వ్యాసంలో ‘కండక్ట్ రిసెర్చ్’ హుందాగా ఉంటుంది. నిర్ధారణకు రావడాన్ని ‘డ్రా ఎ కన్‌క్లూజన్’ అనీ, ఆధారం చూపడాన్ని ‘ప్రొవైడ్ ఎవిడెన్స్’ అనీ రాస్తారు. ‘గివ్ ఎవిడెన్స్’ అంటే చాలా సందర్భాల్లో న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పడమే.

సందేహం వస్తే కొలొకేషన్ నిఘంటువులో క్రియకు బదులు నామవాచకాన్ని వెతకడం మేలు, ఎందుకంటే దానితో కలిసే క్రియలూ విశేషణాలూ సాధారణంగా ఆ నామవాచకం కిందే కనిపిస్తాయి.